"అల్లుడు బంగారం" అనిపించుకునే కాపురాల థ్రిల్లర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు పుస్తకాలు చేతులు మార్చుకునే మా మిత్రుల మధ్య కొన్నేళ్లుగా ఒకే రకం నవలలు ఎక్కువగా తిరుగుతున్నాయి. ఫొటోలో ముచ్చటైన జంట, ఊరంతా మెచ్చే భర్త, ఇంట్లో మాత్రం భయంతో బతికే భార్య. నవలలతో పాటు ప్రశ్నలూ అవే తిరుగుతున్నాయి కాబట్టి ఒకచోట రాసి పెట్టాను. ఎక్కడి నుంచైనా చదవచ్చు.

## మొదలుపెట్టే ముందు

సైకలాజికల్ థ్రిల్లర్ అంటే సైకో కిల్లర్ కథేనా?

కాదు. సైకో కథలో భయం బయటి నుంచి వస్తుంది: ముసుగు, కత్తి, చీకటి గల్లీ. ఇక్కడ భయపెట్టేవాడు పక్కనే కూర్చుని అన్నం తింటుంటాడు. "ఇయ్యాల కూర మంచిగుంది" అంటాడు కూడా. ఆ మాట విని ఆమె ఊపిరి పీల్చుకుంటుంది. కూర బాగుందంటే ఊపిరి పీల్చుకోవడం ఎందుకో మనకు కొంచెం కొంచెంగా తెలుస్తుంది. ఒక్క శవం లేకుండా కూడా ఈ కథ చివరిదాకా నడవగలదు.

భర్తే దుర్మార్గుడని మొదట్లోనే తెలిసిపోతుంది. ఇంక సస్పెన్స్ ఏముంది?

డిటెక్టివ్ నవల చదువుతూ "ఎవరు చేశారు?" అనుకుంటాం. ఈ నవల చదువుతూ "ఈమె చెబితే ఎవరు నమ్ముతారు?" అనుకుంటాం. అన్న నమ్ముతాడా? పక్కింటి టీచరమ్మ నమ్ముతుందా? నమ్మే మనిషి దొరికేలోపు అతనికి తెలిసిపోతుందా? బాగా రాసిన నవలలో ఆమె ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, వాళ్లు అతన్ని ఎంత ఇష్టపడుతున్నారో చూసి, చెప్పాల్సింది చెప్పకుండానే తిరిగొస్తుంది. టెన్షన్ అంతా ఆ తిరిగి రావడంలోనే ఉంటుంది.

ఈ రకం కథ ఎప్పుడు మొదలైంది?

భర్త చేతిలో బందీ అయిన భార్య కథ చాలా పాతది. ఇప్పటి థ్రిల్లర్‌కు బాట వేసింది మాత్రం 1938లో ఇంగ్లండ్‌లో వేసిన 'గ్యాస్ లైట్' అనే నాటకం. రాసింది ప్యాట్రిక్ హామిల్టన్. కథ 1880 నాటి లండన్‌లో జరుగుతుంది. భర్త రోజూ సాయంత్రం బయటికి వెళ్లినట్టే వెళ్లి, దొంగచాటుగా అదే ఇంటి పై అంతస్తుకు చేరతాడు. అక్కడ ఒకప్పుడు హత్యకు గురైన స్త్రీ కెంపుల కోసం వెతుకుతుంటాడు. పైన గ్యాస్ దీపం వెలిగించగానే కింద భార్య గదిలో దీపం మందగిస్తుంది. మరోవైపు వస్తువులు తనే దాచి, నువ్వే పోగొట్టావంటూ ఆమెకు మతి తప్పుతోందని నమ్మిస్తుంటాడు. తన మతి సరిగానే ఉందని ఆమెకు ధైర్యం ఇచ్చేది చివరికి ఆ దీపమే. మనిషిని మభ్యపెట్టగలిగాడు గానీ గ్యాస్ పైపును మభ్యపెట్టలేకపోయాడు. బోరు మోటారు వేయగానే బల్బు మందగించే ఊళ్లలో పెరిగినవాళ్లకు ఈ క్లూ ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఈ నాటకం 1940లో బ్రిటన్‌లో, 1944లో హాలీవుడ్‌లో సినిమాగా వచ్చింది. రెండోదానికి ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కు ఉత్తమ నటిగా ఆస్కార్ దక్కింది.

ఇంట్లో పెద్దవాళ్లు "కాపురాలు కూల్చే పుస్తకాలు" అంటున్నరు. ఏం చెప్పాలె?

ఏమీ చెప్పకండి. ఒక అధ్యాయం పైకి చదివి వినిపించండి. నేను చూసినంతలో ఈ కథలను అందరికంటే త్వరగా పట్టేసేది అరవై దాటిన అమ్మలే. మనం ఇంకా భర్తను మెచ్చుకుంటుండగానే "వీడు మంచోడు కాదు బిడ్డా" అనేస్తారు.

## చదువుతుండగా

ఆమె ఎందుకు వెళ్లిపోదు? చదువుతుంటే ఒళ్లు మండుతోంది.

అందరూ ముందు అడిగేది ఇదే. మొదటి కారణం, మంచి రోజులు. అమెరికన్ మనస్తత్వవేత్త లెనోర్ వాకర్ 1979లో ఒక చక్రాన్ని వివరించారు: ముందు ఇంట్లో బిగువు పెరుగుతుంది, తర్వాత అది పేలుతుంది, ఆ తర్వాత కన్నీళ్లు, క్షమాపణలు, కొత్త చీర. ఆ మూడో దశలో కనిపించే మనిషినే ఆమె పెళ్లి చేసుకుంది. అతను మళ్లీ కనిపిస్తాడన్న ఆశతోనే మిగతా రెండు దశలూ భరిస్తుంది. ఎప్పుడు దెబ్బ, ఎప్పుడు ప్రేమ అన్నది తెలియనప్పుడు బంధం తెగకపోగా ఇంకా బిగుస్తుందని డటన్, పెయింటర్ అనే పరిశోధకులు 1981లో రాశారు.

రెండో కారణం లెక్కలు. బంగారం అతని లాకర్‌లో ఉంది. ఏటీఎం కార్డు అతని పర్సులో ఉంది. పిల్లల బడి ఇక్కడే. చెల్లెలి పెళ్లి ఇంకా కాలేదు. తల్లిగారింటికి పోతే నాన్న బీపీ పెరుగుతుంది, వదిన ముఖం మారుతుంది.

మూడోది భయం, అది ఉత్త భయమేమీ కాదు. వెళ్లిపోవడానికి ప్రయత్నించే సమయం, వెళ్లిన తర్వాత కొన్ని నెలలు, ఇవే చాలా ప్రమాదకరమని ఈ రంగంలో పనిచేసేవాళ్లంతా చెబుతారు. పట్టు జారిపోతోందని అతనికి తెలిసేది అప్పుడే. మంచి రచయిత అందుకే పారిపోయే సీన్ కంటే దానికి ముందు జరిగే తయారీకి ఎక్కువ పేజీలు ఇస్తాడు: ఆధార్ జిరాక్స్, పదో తరగతి మెమో, బియ్యం డబ్బాలో దాచిన ఐదు వందల నోట్లు. అలాంటి పేజీలు లేని నవల మీద మీకు ఒళ్లు మండితే ఆ తప్పు నవలదే.

బయట అంత మంచివాడిగా ఎట్ల నటిస్తడు? నమ్మబుద్ధి అయితలేదు.

నటిస్తున్నాడనుకుంటే నమ్మడం కష్టమే. చాలాసార్లు అందులో నటన ఉండదు. మామగారి ఆపరేషన్‌కు హైదరాబాద్ ఆసుపత్రిలో రాత్రంతా కూర్చున్నది నిజం. బామ్మర్ది ఇంజినీరింగ్ ఫీజు కట్టింది నిజం. అవన్నీ మనస్ఫూర్తిగానే చేస్తాడు. చేసిన ప్రతి మేలుతో ఒక సాక్షి అతని పక్షాన చేరతాడు. రేపు ఆమె నోరు తెరిస్తే ఫీజు కట్టించుకున్న తమ్ముడే ముందుగా "బావ అట్లాంటోడు కాదక్కా" అంటాడు. నన్నడిగితే ఈ తరహా కథల్లో అసలు విలన్ భర్త ఒక్కడే కాదు. అతన్ని నమ్మడం వల్ల లాభపడిన ప్రతి ఒక్కరికీ అందులో వాటా ఉంటుంది.

"కోపం ఆపుకోలేడు, మనసు వెన్న" అనే మాట కూడా కథల్లో తరచూ వస్తుంది. దాన్ని పరీక్షించడం తేలిక. నిజంగా ఆపుకోలేనివాడైతే తహసీల్దార్ ఆఫీసులో పాస్‌బుక్ కోసం మూడు గంటలు నిలబెట్టినప్పుడే ఆపుకోలేకపోవాలి. అక్కడ చేతులు కట్టుకుని "సార్" అంటాడు. కోపం ఇంటికొచ్చాక, గేటు వేశాక వస్తుంది.

కథ చెప్పే ఆమె మాటే అబద్ధమని చివర్లో తేలితే మోసపోయినట్టుంది.

ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి, ఆమె కావాలని మనకు అబద్ధం చెబుతుంది. ఇది తెలివైన ఆటే, ఒకసారి చదివితే బాగుంటుంది. రెండోది, భర్త పదేపదే "నువ్వు మర్చిపోయావు, నువ్వే అన్నావు" అనడం వల్ల ఆమె జ్ఞాపకమే ఆమెకు అనుమానంగా మారుతుంది. ఇందులో మోసపోయేది ముందు ఆమె, ఆమెతో పాటు మనం. నాకు రెండోదే ఇష్టం. మొదటి రకం గొలుసుకట్టుగా వస్తుంటే మాత్రం ఇబ్బందిగా ఉంటుంది. నిజంగా ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చిన ఆడమనిషి ముఖంలోనూ అబద్ధం వెతికే అలవాటు మనకు ముందే ఉంది. దానికి నవలలు కూడా తోడు పడాలా?

టెన్షన్ తట్టుకోలేక చివరి పేజీ ముందే చదివేస్తాను. తప్పా?

చదివేయండి. ఆమె బతికిందని తెలిశాక మధ్య పేజీలు ఇంకా శ్రద్ధగా చదువుతారు. బాగా రాసిన పుస్తకం దానికి పాడవదు.

## చదివాక

చివర్లో ఆమె అతన్ని చంపేస్తే నాకు హాయిగా అనిపించింది. అది న్యాయమేనా?

హాయిగా అనిపించడం సహజం. చట్టం దగ్గర మాత్రం లెక్క వేరు. కిరణ్‌జిత్ అహ్లూవాలియా కేసు తెలుసుకుంటే ఈ ప్రశ్నలోని చిక్కు అర్థమవుతుంది. పంజాబ్ నుంచి పెళ్లయి ఇంగ్లండ్ వెళ్లిన ఆమె పదేళ్లు భర్త హింస భరించి, 1989లో అతను నిద్రపోతుండగా నిప్పంటించింది. అతను చనిపోయాడు. కోర్టు హత్యగా తేల్చి యావజ్జీవ శిక్ష వేసింది. అప్పటి అక్కడి చట్టంలో రెచ్చగొట్టబడి చంపితే శిక్ష తగ్గేది, కానీ అది అప్పటికప్పుడు వచ్చిన ఆవేశమై ఉండాలి. పదేళ్లుగా పేరుకున్నది ఆ లెక్కలోకి రాలేదు. 1992లో అప్పీలు కోర్టు ఆమె మానసిక స్థితి గురించిన సాక్ష్యం ఆధారంగా ఆ తీర్పును పక్కన పెట్టింది. మళ్లీ విచారణ జరిగి నేరం తీవ్రత తగ్గింది, అప్పటికే అనుభవించిన జైలు చాలని విడుదల చేశారు. తర్వాత 2009 చట్టంతో ఇంగ్లండ్‌లో "అప్పటికప్పుడు" అన్న షరతు పోయింది.

మన దగ్గర ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, హత్య అంటే ఏమిటో చెప్పే 101వ సెక్షన్ కింద ఇచ్చిన మినహాయింపులో "తీవ్రమైన, ఆకస్మికమైన" రెచ్చగొట్టడం అన్న షరతు ఇప్పటికీ ఉంది. నవల ఆఖరి పేజీలో ఆమె దర్జాగా నడిచి వెళ్లిపోతే, ఆ తర్వాతి ఉదయం గురించి రచయిత ఆలోచించలేదని అర్థం.

మగవాళ్లందర్నీ విలన్లుగా చూపించడం కాదా ఇది?

ఒక దొంగ కథ రాస్తే ఊరంతా దొంగలని కాదు కదా. ఇళ్లలో నలిగిపోయే మగవాళ్లూ ఉన్నారు, వాళ్ల కథలూ రావాలి. నవలల్లో నాకు నచ్చని సంగతి ఇంకొకటుంది: భర్తకు చిన్నప్పటి గాయం ఒకటి తగిలించి అన్నిటికీ అదే కారణమనడం. అలాంటి బాల్యం ఉండి కూడా భార్య మీద చెయ్యెత్తనివాళ్లు మనకు ఎంతమందో తెలుసు.

## మన ప్రాంతం కథగా రాయాలనుకుంటే

మన ఇండ్లల్ల తలుపులు వేసుకుని బతికేదే లేదు. మరి దాచేది ఎట్ల?

ఇంగ్లిష్ నవలల్లో దాచడానికి ఊరి బయట పెద్ద బంగళా, ఎత్తైన గోడ, తాళం వేసిన గది కావాలి. మన దగ్గర ఇంట్లో అత్తమామలు, పై వాటాలో కిరాయికుండేవాళ్లు, పొద్దున్నే పాలు పోసే ఆమె, చెప్పకుండా వచ్చే ఆడబిడ్డ. అందరూ చూస్తూనే ఉంటారు, అందరికీ ఎంతో కొంత తెలుసు. అయినా అది "వాళ్ల ఇంటి సంగతి"గానే ఉంటుంది. ఇక్కడ దాచిపెట్టేది మనుషులే, గోడలతో పనిలేదు.

దీనికి అంకెల ఆధారం కూడా ఉంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పెళ్లయిన స్త్రీలలో సుమారు 37 శాతం మంది భర్త నుంచి హింస ఎదుర్కొన్నామని చెప్పారు. అదే సర్వేలో చెప్పకుండా బయటికెళ్లడం, అత్తమామలను గౌరవించకపోవడం వంటి ఏడు కారణాలు చదివి, వీటిలో దేనికైనా భర్త కొట్టడం సబబేనా అని అడిగితే, అవునన్న స్త్రీలు మన రాష్ట్రంలో సుమారు 84 శాతం. దేశంలోనే ఎక్కువ శాతం నమోదైన రాష్ట్రాల్లో మనది ఒకటి. మీ నవలకు ఇదే నేపథ్యం. నాయిక ధైర్యం చేసి అత్తకు చెబితే అత్త ఆశ్చర్యపోదు. "మాకు కాలేదా బిడ్డా, సర్దుకోవాలె" అని నెత్తి నిమురుతుంది. ఆ నిమరడంలో ప్రేమ ఉంది. అత్తను రాక్షసిగా రాస్తే టీవీ సీరియల్ అవుతుంది. ప్రేమగల అత్తను రాస్తే పాఠకుడికి ఊపిరాడదు.

నల్గొండ, పాలమూరు వాతావరణం ఎలా తేవాలి?

గడియారం సెంటర్, పిల్లలమర్రి పేర్లు చల్లితే వాతావరణం రాదు. ఇక్కడి మర్యాదలు ఎలా నడుస్తాయో చూడండి. బతుకమ్మ పండుగకు ఆడబిడ్డ తల్లిగారింటికి రావాలి. దుర్మార్గుడైన భర్త ఆమెను పంపడని ఎవరైనా రాస్తారు. మీ భర్త ప్రతి ఏడూ తనే కారులో తీసుకురావాలి. గునుగు, తంగేడు పూలు తనే దగ్గరుండి తేవాలి. ఆమె ఆడుతున్నంతసేపూ ఫోన్‌లో వీడియో తీస్తూ నిలబడాలి. "ఎంత మంచిగ చూసుకుంటడో" అని వాడకట్టంతా అనాలి. వాళ్లమ్మతో ఐదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడే సందు ఆమెకు ఆ రోజంతా దొరకలేదని పాఠకుడొక్కడికే తెలియాలి.

ఒడిబియ్యం పోసే రోజు, గృహప్రవేశం ఫ్లెక్సీ, పెళ్లిరోజున వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన ఇద్దరి ఫొటో, ఇవన్నీ అలాగే పనికొస్తాయి. వృత్తులూ అంతే. మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉన్నవాడికి పలుకుబడి ఒక రకం, షాద్‌నగర్, జడ్చర్ల వైపు ప్లాట్లు అమ్మేవాడికి ఇంకో రకం. పాలమూరు నుంచి ముంబైకి పనికి పోయిన భర్త ఇంట్లో లేకుండానే ఇంటిని గుప్పిట్లో పెట్టుకోగలడు: రాత్రి పదింటికి వీడియో కాల్, "గది మొత్తం తిప్పి చూపియ్యి" అన్న ఒక్క మాట చాలు.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలో పగలంతా వీడకుండా కనిపించే నీడ ఉంది కదా, దాన్ని వాడకుండా నల్గొండ రచయిత ఉండలేడు. వాడండి. జంట గుడికెళ్లింది, నీడ చూసింది, ప్రసాదం తిన్నది. అక్కడితో ఆపండి, దాని అర్థం విప్పి చెప్పారో కథ చెడిపోతుంది.

భర్త పుస్తక భాష, భార్య యాస మాట్లాడాలా?

యాసను అమాయకత్వానికి గుర్తుగా వాడే పాత అలవాటు మళ్లీ వద్దు. ఇద్దరికీ ఒకే యాస ఉండనివ్వండి. అతను నలుగురిలో ఆమె మాటను నవ్వుతూ సరిదిద్దితే మాత్రం అది కథకు పనికొచ్చే సంగతి. అందరూ నవ్వుతారు, ఆమె కూడా నవ్వుతుంది. నెల తిరిగేసరికి చుట్టాల ముందు మాట్లాడటం మానేస్తుంది, "కోడలు నెమ్మదస్తురాలు" అని పేరొస్తుంది.

కొట్టే సీన్లు ఎంతవరకు రాయాలి?

తక్కువ. దెబ్బ వర్ణించిన పేజీ కంటే బండి హారన్ వినగానే పిల్లాడు టీవీ కట్టేసి పుస్తకం తీసే పేజీ ఎక్కువ భయపెడుతుంది.

పోలీస్ స్టేషన్, కోర్టు సీన్లలో తప్పులు రాకుండా ఏం తెలుసుకోవాలి?

మీ కథ ఏ సంవత్సరంలో జరుగుతోందో ముందు తేల్చుకోండి. భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని నేరం చేసిన ఐపీసీ 498ఏ సెక్షన్ 1983లో వచ్చింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 85, 86 సెక్షన్లుగా మారింది, శిక్ష మూడేళ్ల వరకు. ఫిర్యాదు ఇచ్చిన రాత్రే భర్తను జీపెక్కించే సీన్ పాత సినిమాల నుంచి వచ్చింది. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దని చెప్పింది. ఇప్పుడు ముందు నోటీసు ఇస్తారు, కౌన్సెలింగ్‌కు పిలుస్తారు. మీకు దొరికిన అసలు థ్రిల్లర్ సీన్ ఆ కౌన్సెలింగే: ఇస్త్రీ చొక్కాతో, పండ్ల సంచితో వచ్చిన భర్త, పక్కన కుర్చీలో ఆమె, "చిన్న చిన్న గొడవలమ్మా" అనే పెద్దమనిషి, సాయంత్రం ఇద్దరూ కలిసి అదే కారులో ఇంటికి.

గృహహింస చట్టం దీనికి వేరు. 2005లో చేసి 2006 అక్టోబరు 26 నుంచి అమలు చేసిన ఈ చట్టంలో మెజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు, నివాస ఉత్తర్వు, ఖర్చులకు డబ్బు ఇప్పించగలరు. రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది వరకు జైలు లేదా 20 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

## కథ మన ఇంటికి దగ్గరగా అనిపిస్తే

చదువుతుంటే మా చెల్లె గుర్తొచ్చింది. ఏం చేయాలె?

ముందు బావతో మాట్లాడకండి. మీరు నిలదీసి ఇంటికొచ్చేస్తారు, ఆ రాత్రి జవాబు చెప్పుకోవాల్సింది చెల్లెలు. వాట్సాప్‌లోనూ రాయకండి, ఆ ఫోన్ ఇంకెవరు చూస్తారో తెలియదు. ఏదో పని పెట్టుకుని ఒంటరిగా కలవండి. "ఎందుకు చెప్పలేదు?" అనకుండా "నువ్వు చెప్పింది నమ్ముతున్న" అనండి. ఇంటికి రమ్మని తొందరపెట్టకండి. ఆమె కాగితాలు, కొంత డబ్బు మీ దగ్గర పెట్టుకుంటానని చెప్పండి.

మహిళల హెల్ప్‌లైన్ 181కి మీరు కూడా ఫోన్ చేసి సలహా అడగొచ్చు. ప్రాణాపాయం అనిపిస్తే 112. జిల్లాల్లో ఉన్న సఖి కేంద్రాల్లో వైద్యం, న్యాయ సలహా, కౌన్సెలింగ్, కొన్ని రోజుల ఆశ్రయం ఉచితంగా దొరుకుతాయి.

కొట్టడు, తిట్టడు. డబ్బులియ్యడు, ఫోన్ చూస్తడు, ఎవరితో మాట్లాడనియ్యడు. ఇది హింస కిందికి వస్తదా?

వస్తుంది. గృహహింస చట్టం మూడో సెక్షన్ శారీరక, లైంగిక హింసతో పాటు మాటలతో, మానసికంగా, ఆర్థికంగా చేసే హింసను కూడా చెప్పింది. ఇంటి ఖర్చులకు డబ్బు ఇవ్వకపోవడం, ఆమె నగలు ఆమెకు దక్కకుండా చేయడం, పదేపదే అవమానించడం ఇందులోకి వస్తాయి. పుట్టింటివారు పెట్టిన బంగారం స్త్రీధనం, అది ఆమెదేనని సుప్రీంకోర్టు 1985లోనే ప్రతిభా రాణి కేసులో స్పష్టం చేసింది. తేదీలు వేసి చిన్న నోట్ రాసుకోవడం తర్వాత పనికొస్తుంది. ఆ నోట్ ఇంట్లో పెట్టకండి.

ఇల్లు అత్తమ్మ పేరు మీదుంది. బయటికి పొమ్మంటే పోవాల్సిందేనా?

వెంటనే పోవాల్సిన పని లేదు. కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కును గృహహింస చట్టం 17వ సెక్షన్ ఇచ్చింది, ఇల్లు ఎవరి పేరున ఉన్నా సరే. 2020 అక్టోబరులో సతీష్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టు అత్తమామల సొంత ఇల్లు కూడా ఈ లెక్కలోకి రావచ్చని చెప్పింది. వచ్చిపోయినట్టు కాకుండా అక్కడ స్థిరంగా కాపురం చేసి ఉండాలి. ఇది శాశ్వత హక్కు కాదు, అత్తమామల వయసు, వాళ్ల ఇబ్బంది కూడా కోర్టు చూస్తుంది. వేరే ఇల్లు చూపించమనో, కిరాయి కట్టమనో భర్తను ఆదేశించవచ్చు. ఆ ఇంటి అడ్రసుతో ఉన్న ఆధార్, గ్యాస్ పుస్తకం, పిల్లల బడి రసీదు వంటివి ఫొటో తీసి నమ్మకమైనవారి ఫోన్‌లో ఉంచితే దరఖాస్తు పెట్టేటప్పుడు పని తేలికవుతుంది.